దారం తెగలేదు

ఆదివారం వస్తే నా పని సూదుల్లో దారం ఎక్కించడం. మా నాయన దర్జీ. గూడూరు అవతల కోట అనే ఊళ్ళో, బజారులో మా ఇంటి వసారాలోనే ఆయన మిషను ఉండేది. నేను నెల్లూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి బీఎస్సీ చదువుకుంటూ, శనివారం సాయంత్రం గూడూరు మీదుగా వచ్చే బస్సులో ఇంటికి చేరేదాన్ని. మర్నాడు పొద్దున చద్దన్నం తినగానే వసారాలో చాప వేసుకుని కూర్చుని, తెల్లదారం, నల్లదారం, ఖాకీదారం ఒక్కో సూదికి ఎక్కించి, కొసన ముడి వేసి, గోడకు తగిలించిన మందపాటి గుడ్డకు వరసగా గుచ్చేదాన్ని. వారమంతా ఆయన కుట్టే కాజాలకూ గుండీలకూ అవే సూదులు. ఒకదానిలో దారం అయిపోతే పక్కకు గుచ్చి ఇంకొకటి తీసుకునేవాడు. నేను వచ్చేలోగా అన్నీ ఖాళీ అయితే బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళనే అడిగేవాడు, "అన్నా, పోతాపోతా ఈ దారం ఎక్కించిపో" అని. మిషను సూదికి అమ్మ ఎక్కించేది. కాజాల సూది బెజ్జం అమ్మ చూపుకూ అందేది కాదు.

ఇది అరవైల నడుమ సంగతి. నాయనకు అప్పటికి యాభై దాటి ఎంతో కాలం కాలేదు. ఊళ్ళో అందరూ ఆయన్ను టైలరు సాయిబు అనేవాళ్ళు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ అంటే పెళ్ళిళ్ళలో చుట్టాల ముందు మాట్లాడే నాలుగు ముక్కలు. నాయన చేతి కాజాకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరుండేది. చొక్కా చిరిగిపోయినా కాజా చిరగదని చెప్పుకునేవాళ్ళు. పెళ్ళికొడుకు చొక్కా అంటే ఆయనే కుట్టాలి.

ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. సూది నేల మీద పడితే, అది దొరికేదాకా ఇంట్లో ఎవరూ అడుగు తీసి అడుగు వేయకూడదు. అరికాల్లో దిగితే ఎవరు తీస్తారని కసిరేవాడు. సూది పడ్డ చప్పుడు మాకెవరికీ వినిపించేది కాదు, ఆయనకు మాత్రం వినిపించేది. మాట మధ్యలో ఉన్నా, అన్నం ముద్ద చేతిలో ఉన్నా చప్పున వంగి నేల తడిమేవాడు. ఇక రెండోది, చిక్కుపడ్డ దారాన్ని పారేయనిచ్చేవాడు కాదు. నేను విసుగు పుట్టి కత్తెర అందుకుంటే చేతి మీద ఒకటి వేసేవాడు.

"తెగిందా? తెగలేదు గదా. తెగనంతవరకూ అది చిక్కేగానీ చెత్త కాదు" అనేవాడు.

నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. చిక్కు తీసే ఓపిక నాకు ఈనాటికీ రాలేదు.

కళ్ళ సంగతి మొదట ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు సాయంత్రం అమ్మ లాంతరు వెలిగించి మిషను మీద పెడితే, "దీని చుట్టూ వరదగుడి కట్టినట్టుందేంది మే" అన్నాడు. వరదగుడి అనే వెలుగు వలయం చందమామకు కడుతుందిగానీ లాంతరుకు కట్టదు. అమ్మ చిమ్నీ తుడిచి మళ్ళీ పెట్టింది. వరదగుడి పోలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు నల్లబట్ట మీద నల్లదారం కనిపించడం మానేసింది. కత్తిరించేటప్పుడు సుద్దగీత మీద ముఖం ఆనించి చూసేవాడు. చివరికి ఒక పెళ్ళిచొక్కాకు కాజా ఒకటి వంకరగా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చాడు. మర్నాడు నెల్లూరు పెద్దాసుపత్రికి వస్తానని తనంతట తానే అన్నాడు.

అమ్మా నేనూ పక్కన ఉండగానే డాక్టరు చీకటిగదిలో టార్చి వేసి రెండు కళ్ళూ చూశాడు. శుక్లాలు అన్నాడు. "ఇంకా ముదరలేదు. బాగా ముదరనీ, అప్పుడు రా. తీసేస్తాం." అంతే, ఇంకో మనిషిని పిలిచాడు.

ఆ రోజుల్లో పద్ధతి అదే. కన్ను పూర్తిగా తెల్లబడి, చేయి ఆడిస్తే ఆడినట్టు తెలియడం తప్ప ఇంకేమీ కనపడని స్థితి వచ్చాకే కత్తి పెట్టేవాళ్ళు. అది నాకు ఆసుపత్రి ఆవరణలో నిలబడి అర్థమైంది. అమ్మకు అర్థం కాలేదు. మా భాషలో రోగం ముదిరిందంటే చేయి దాటిపోయిందని అర్థం. ముదరకముందే చూపించుకోమని కదా లోకం చెప్పేది. బస్సు గూడూరు దాటేదాకా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. "ముదిరేదాకా చూస్తా కూర్చోమంటాడా? ఇదేం వైద్యం?" అంది.

"మామిడికాయ ముదరనిదే కోస్తావా మే?" అన్నాడు నాయన.

ఆ ఒక్క మాట ఇంట్లో రెండు వైద్యాలకు దారి తీసింది. ముదరకుండా ఆపాలని అమ్మ. త్వరగా ముదిరితే త్వరగా తీస్తారని నాయన. అమ్మ పెరట్లో నందివర్ధనం పూలు కోసుకొచ్చి, ఆయన పడుకోగానే రెప్పల మీద పెట్టి గుడ్డ కట్టేది. చలవ చేస్తుందని. దర్గా నుంచి దీపం నూనె తెచ్చి కణతలకు రాసేది. నాయన ఇవన్నీ కిమ్మనకుండా చేయించుకుని, మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇస్త్రీపెట్టె దగ్గర కూర్చునేవాడు. నిప్పులు పోసిన ఆ పెట్టె కింద గుడ్డను వెచ్చబెట్టి, మడిచి, కళ్ళ మీద పెట్టుకునేవాడు. మామిడికాయలు గడ్డిలో వేసి మాగబెడతారు కదా, కంటికీ వెచ్చదనం తగిలితే తొందరగా పండుతుందని ఆయన లెక్క.

పగలు వేడి, రాత్రి చలవ. మధ్యలో నేను. శుక్లం కంటి లోపల ఉంటుంది, పైన పెట్టే పువ్వూ లోపలికి పోదు, వేడీ పోదు అని ఇద్దరికీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అమ్మ "నీకేం తెలుసు, నువ్వు చదివేది రాళ్ళూ ఉప్పులూ" అంది. నాయన గుడ్డ రెండో వైపు తిప్పి పెట్టుకున్నాడు.

రాళ్ళూ ఉప్పులూ అయిపోయి ఆ ఏడాదే మాకు మాంసకృత్తులు మొదలయ్యాయి. స్కూల్లో ప్రోటీన్లకు మేం నేర్చుకున్న మాట అది. పప్పులో మాంసకృత్తులుంటాయని చదివి మా క్లాసులో శాకాహారపు పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. కాలేజీలో అవి ప్రోటీన్లయ్యాయి, గొడవ వదిలింది. పాఠం చెప్పడానికి కొత్తగా వచ్చిన సార్ గుంటూరు వైపు మనిషి. మద్రాసులో చదువుకుని వచ్చాడు. పుస్తకాల్లో ఇంకా సరిగ్గా ఎక్కని సంగతులు చెబుతున్నానని ఆయనకు మహా సంబరం. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా ముఖాలు చూసి తెలుగులోకి దిగేవాడు.

ప్రోటీను నిర్మాణానికి నాలుగు మెట్లున్నాయని బోర్డు మీద గీశాడు. ఆయన గీసినదాన్ని గీసినట్టు నోట్సులోకి ఎక్కించుకున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. బోర్డు మీద స్ప్రింగులాంటి బొమ్మ, దాని పక్కన పేగులు చుట్టుకున్నట్టు ఇంకో బొమ్మ. మొదటి మెట్టులో ఇరవై రకాల అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి తగులుకుని పూసల పేరులా ఉంటాయని, ఏ పూస పక్కన ఏ పూస ఉందన్నదే ముఖ్యమని చెప్పాడు. ఆ వరసలోనే అంతా రాసి ఉంటుంది అన్నాడు. తలరాత అన్నమాట అనుకున్నాను. రక్తంలో ఎరుపునిచ్చే ప్రోటీనులో ఒక్క పూస వరస తప్పితే చాలు, మనిషి బతుకంతా జబ్బుతో ఈడుస్తాడని కూడా చెప్పాడు. వరస తప్పితే ఏమవుతుందో పెళ్ళిసంబంధాలు చూసే మా మేనత్తను అడిగినా చెబుతుందని నా పక్కనమ్మాయి గొణిగింది. అందరం నవ్వాం. సార్ కూడా నవ్వాడు.

నాకు అది అర్థమైంది ఇంటి దగ్గర, సూదుల ముందు కూర్చున్నప్పుడు. కొత్త రీలులోంచి దారం బారెడు లాగి, ఏదో ఆలోచిస్తూ ఒక కొసను వేళ్ళ మధ్య పురి ఎక్కిస్తూ కూర్చున్నాను. పురి ఎక్కువై బిగుసుకుంది. రెండు కొసలూ దగ్గరికి తెచ్చి బిగువు వదిలేసరికి, దారం తన మీద తానే చుట్టుకుని, మెలిక మీద మెలిక పడి, చిన్న ముద్దలా నిలబడింది. నేను మడవలేదు. దాని లోపలి పురే దాన్ని మడిచింది. సార్ చెప్పింది ఇదే. పూసల వరస ఒకటి. ఆ పూసల పేరు పురి తిరగడం రెండు. పురి తిరిగినది మళ్ళీ తనలోకి తాను ముడుచుకుని ఒక ఆకారం తెచ్చుకోవడం మూడు. అలాంటి ముద్దలు కొన్ని జతగూడి పనిలోకి దిగడం నాలుగు. వరస, పురి, మడత, జత. చాప మీదే ఎగిరి గంతేయాలనిపించింది.

"ఏంది పాపా, దారం పాడుచేస్తా ఉండావు" అన్నాడు నాయన. నేనేం చేస్తున్నానో ఆయనకు కనపడటం లేదు, రీలు తిరిగిన చప్పుడు వినపడింది. దగ్గరికి పోయి ఆ ముద్దను ఆయన వేళ్ళకు అందించి నాలుగు మెట్లూ చెప్పాను. నాలుగోదానికి ఆయన పనినే సాయం తీసుకున్నాను. రెండు చేతులూ, ముందుభాగం, వెనకభాగం వేరువేరుగా ఉంటే చొక్కా కాదు, జత చేస్తేనే చొక్కా అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఇంతకీ కాలేజీలో కుట్టుపనే నేర్పిస్తా ఉండారన్నమాట. అది ఇక్కడైతే ఊరకే నేర్పిందును గదా" అన్నాడు. ఆయన ఆటపట్టించి చాలా రోజులైంది. అమ్మ లోపలి నుంచి తొంగిచూసింది.

ఆ తర్వాతి వారం సార్ క్లాసుకు కోడిగుడ్డు తెచ్చాడు. తెల్లసొనను గాజుగొట్టంలో పోసి మంట మీద పెట్టాడు. నీళ్ళలా ఉన్నది చూస్తుండగానే తెల్లగా, మందంగా, వెనక ఏముందో కనపడకుండా అయింది. వేడికి మూడో మెట్టు చెదిరిపోయిందన్నాడు. మడతలు విడిపోయిన పూసల పేర్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయాయట. పూసలు మాత్రం ఒక్కటి కూడా రాలలేదట. "వరస అట్లాగే ఉంది. కానీ ఇది ఇక పచ్చిగుడ్డు కాదు" అన్నాడు. మళ్ళీ ఆయనే, అన్ని ప్రోటీన్లూ ఇంత మొండివి కావని, ఒక చిన్న ప్రోటీనును యూరియా వేసి పూర్తిగా విప్పదీసి, ఆ యూరియాను తీసేస్తే, అది ఎవరి సాయమూ లేకుండా మళ్ళీ తన మడతలోకి తాను వచ్చేసిందని, పని కూడా చేసిందని, ఈ మధ్యనే తేలిందని చెప్పాడు.

నేను ఆ తర్వాత ఒక్క మాట వినలేదు. గొట్టంలో తెల్లబడిన సొనే కనపడుతోంది. టార్చి వెలుగులో నాయన కంటిపాప అచ్చం ఆ రంగులోనే ఉంది. క్లాసు అయ్యాక వరండాలో సార్ వెంటపడి అడిగాను, కంట్లో ఉండేది కూడా ప్రోటీనేనా అని. ఆయన ఆగాడు. "కంటికటకం దాదాపు అంతా ప్రోటీనే. శుక్లం అంటే అది మసకబారడమే" అన్నాడు. అయితే యూరియాలో అయినట్టు మళ్ళీ వెనక్కి రాదా అన్నాను. ఆయన నా ముఖం వైపు చూశాడు.

"ఎవరికమ్మా?"

"మా నాయనకు సార్."

ఆయన గోడకు ఆనుకుని, చేతిలోని సుద్దముక్కను కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "అది గ్లాసులో, ఒక్క ప్రోటీనుతో చేసింది. కంట్లో అన్నీ కలిసి చిక్కుపడి ఉంటాయి. ఎట్లా విప్పాలో ఎవరికీ తెలియదు. ఆపరేషన్ చేయించండి" అన్నాడు. మంచి మనిషి, లేని ఆశ పెట్టలేదు.  నాకు ఎక్కడ చెడిందో తెలుసు, ఎలా చెడిందో తెలుసు, చేయగలిగింది ఏమీ లేదు. తెలియకపోయి ఉంటే అమ్మలా పూలన్నా కోసుకునేదాన్ని.

కుడికన్ను ముందు ముదిరింది. నాయన ఇస్త్రీపెట్టె వల్లేనని నమ్మాడు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుకమూటలు పెట్టి పడుకోబెట్టారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, పక్కకు తిరగకూడదు. ఇంటికి పంపేటప్పుడు ఎడమకంటి కట్టు విప్పి, కుడికన్ను మానేదాకా తల వంచనే కూడదని మరీమరీ చెప్పారు. మరి నమాజులో నుదురు నేలకు ఆనించాలి కదా అని నాయన దిగులుపడ్డాడు. మసీదు పెద్దాయన వచ్చి, జబ్బు మనిషి కనుసైగతో చేసుకోవచ్చని చెప్పిపోయాడు. "కట్టు కింద కనుసైగ పైనున్న ఆయనకు కనపడుద్దా?" అని నాయన నవ్వాడు. మంచం మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చునే నమాజు చేసుకునేవాడు. ఒక్కసారి కూడా తల వంచలేదు. లావు అద్దాలు వస్తే మళ్ళీ కాజాలు కుడతానని, ముందు నా జాకెట్టు కుడతానని చెప్పేవాడు. నేను నమ్మాను. అమ్మ దర్గాలో చక్కెర పంచింది.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ఆ ఆదివారం నేను వసారా గడప మీద కూర్చుని చదువుకుంటున్నాను. అమ్మ ఉతకడానికని కొయ్యకు తగిలించిన నాయన పాతచొక్కా తీసింది. కుట్టేటప్పుడు సూదిని చొక్కా కాలరుకు గుచ్చుకోవడం ఆయన అలవాటు. ఎప్పటిదో ఒక సూది ఆ కాలరులోనే ఉండిపోయింది. అది మంచం పక్కన నేల మీది రాతిబండ మీద పడింది. నాకు వినపడలేదు. అమ్మకూ వినపడలేదు. నాయన మాత్రం మంచం మీద నుంచి చప్పున కిందికి వంగాడు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో ఆ వంగడం. "నాయనా, వద్దు" అని నేను లేచేసరికి ఆయన వేళ్ళు బండ తడుముతున్నాయి.

"ఇదో, దొరికింది" అని సూది పట్టుకుని తల ఎత్తాడు. ఆ మాట అంటూనే రెండో చేయి కంటికి పోయింది. కట్టు తడిసింది.

దేవుడి ముందు కూడా వంగని మనిషి సూదికి వంగాడు. ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. అద్దెకారు దొరికించుకుని నెల్లూరు చేరేసరికి కన్ను లోపలిదంతా బయటికి వచ్చేసిందన్నారు. ఆ కన్ను ఇక లేదు. నాయన దారంతా సూదిని గుప్పిట్లోనే పెట్టుకుని ఉన్నాడు. ఆసుపత్రిలో నర్సు వేళ్ళు విప్పి తీసుకుంది.

ఇక మిగిలింది ఎడమకన్ను, ఇంకా ముదరని కన్ను. దానిలో మనిషి నీడలా కనపడేవాడు. మిషనుకు గుడ్డ కప్పారు. అమ్మ పక్కింటివాళ్ళకు పిండివంటలు చేసిపెట్టి ఇల్లు నెట్టుకొచ్చింది. నేను చదువు మానేస్తానంటే నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అందుకని మానలేదు. ఆయన వసారాలో కూర్చుని, ఎవరింట్లో చిక్కుపడ్డ దారం ఉన్నా తెప్పించుకుని ఒళ్ళో వేసుకుని, వేళ్ళతో తడుముతూ విప్పేవాడు. ఇస్త్రీపెట్టె జోలికి మళ్ళీ పోలేదు. నేను మాత్రం ఆదివారం పాతదారం తీసి సూదులకు మళ్ళీ ఎక్కించడం ఆపలేదు. ఆపితే ఇక అయిపోయినట్టే అనిపించేది.

పరీక్షలో ప్రోటీను నిర్మాణపు మెట్లు వివరించమని వచ్చింది. నాలుగూ రాశాను, బొమ్మలు వేశాను. రాస్తుంటే ఒళ్ళు మండిపోయింది. ఇంత బాగా తెలిసిన పాఠం నాకు ఇంకొకటి లేదు, ఇంత పనికిరానిదీ లేదు. సెలవులకు ఇంటికి వచ్చాక నాయన అడిగాడు, ఏం ప్రశ్నలొచ్చాయని. చెప్పాను.

"ఆ దారం ముద్ద సంగతేనా?"

"అదే నాయనా."

ఆయన ఒళ్ళో చిక్కు మీద వేళ్ళు ఆగాయి. "మరి నా కంట్లో ఏ మెట్టులో చెడింది?"

అబద్ధం చెప్పాల్సిన పని నాకు కనిపించలేదు. "మూడోదాంట్లో. మడతలు విడిపోయి చిక్కుపడినాయి."

"మొదటిది?"

"అది అట్టనే ఉండాది. ఒక్క పూస కూడా రాలలేదంట."

ఆయన వేళ్ళు మళ్ళీ చిక్కులో ఒక కొస వెతికి పట్టుకున్నాయి. తర్వాత నెమ్మదిగా నవ్వాడు. కుడికన్ను పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. నాకు ప్రాణం లేచివచ్చింది. చదువు ఇందుకన్నా పనికొచ్చింది కదా అనుకున్నాను.

మరో ఏడాదికి ఎడమకన్ను కూడా తెల్లబడింది. చేయి ఆడిస్తే ఆడినట్టు తెలిసేది, అంతే. డాక్టరు చూసి, ఇప్పుడు ముదిరింది, వెంటనే చేర్పించండి, మరీ ముదిరితే అదీ ప్రమాదమే అన్నాడు. నేను సంతోషంగా మంచం కోసం మాట్లాడి వచ్చాను. ఆసుపత్రి అరుగు మీద కూర్చున్న నాయన లేవలేదు.

"ఇంటికి పోదాం పాపా. తీయించుకోను."

భయపడ్డాడనుకున్నాం. ఈసారి ఇంట్లో ఒక్క సూది కూడా లేకుండా చేస్తానని అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆయన భయం గురించి మాట్లాడలేదు. నా వైపు, నా గొంతు వచ్చిన వైపు తిరిగి, "దారం తెగలేదని నువ్వే చెప్పినావు గదా. చిక్కే గదా పడింది. తెగని దారాన్ని తీసి పారేస్తారా ఎవరన్నా? ఒకదాన్ని పారేసినారు, ఏమైందో చూసినావు" అన్నాడు.

నేను అక్కడే మొదలుపెట్టాను. ఈ చిక్కు అలాంటిది కాదు, దీన్ని విప్పేవాళ్ళు లేరు అని చెప్పాను. బస్సులో చెప్పాను. ఇంట్లో చెప్పాను. కోపంతో అరిచాను, ఏడ్చాను. చివరికి ఒకనాడు గుడ్డు ఉడకబెట్టి, పెంకు తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇందులో కూడా ఒక్క పూస తెగలేదు నాయనా. దీన్ని మళ్ళీ పచ్చిగుడ్డు చెయ్యి, చూస్తా" అన్నాను.

ఆయన దాన్ని వేళ్ళతో తడిమాడు. రెండుగా విరిచి సగం నా చేతికిచ్చాడు, సగం తాను తిన్నాడు.

"ఇది చచ్చిన గుడ్డు. నా కన్ను బతికే ఉండాది గదమ్మా" అన్నాడు.

 దానికి జవాబు పుస్తకంలో ఉందేమోగానీ, నాయనకు చెప్పగలిగే తెలుగులో లేదు.  అమ్మ ఆ రోజు నుంచి మళ్ళీ నందివర్ధనం పూలు కోయడం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు.

ఆయన ఆ కన్ను ఎప్పటికీ తీయించుకోలేదు. నేను ప్రతి శనివారం బస్సు దిగి వసారాలోకి రాగానే నా అడుగుల చప్పుడుకు తల ఎత్తేవాడు. ఒళ్ళో దారం ఉండేది. తాగడానికి మంచినీళ్ళు ఇమ్మని అమ్మకు కేకేసి, నేను చెంబు దించేదాకా ఆగి, అప్పుడు అడిగేవాడు.

"చిక్కు విప్పే సంగతి ఈ వారం మీ సార్ ఏమన్నా చెప్పినాడా?"

"ఇంకా లేదు నాయనా."

"చెప్తాడ్లే. దారం తెగలేదు గదా."